నడిగట్టు

హేమంతము ప్రవేశించిన మార్గశిరపు ప్రాతఃకాలమున శీలవతీనదీగర్భమునుండి ధూపధూమమువలె లేచిన మంచు ఉభయతీరములయందలి మేడలను పాకలను కొబ్బరితోపులను ఒకదానివెనుక నొకదానిని మెల్లమెల్లగా మ్రింగుచుండ ఉదయించియు నుదయింపనట్లున్న భానుబింబము తూర్పుదిక్కున పాలగిన్నెలో పడిన పసుపుముద్దవలె కరగుచుండ సముద్రమునుండి పోటునీరు చడిచప్పుడు లేక యెగబ్రాకి రేవుమెట్ల నొక్కటొక్కటిగా తడుపుచుండ హంసలరేవుపట్టణము నిదుర విడిచియు కల విడువని పసిబిడ్డవలె కన్నులు తెరచికొని కదలక పడియుండెను. ఆ మంచులో నడియేట నొక నల్లనిరూపము మాత్రము లీలగా గోచరించుచుండెను. అది నీరు త్రాగ దిగిన యేనుగులబారో ఆకాశమునుండి దిగవిడిచిన యినుపయుయ్యెలయో యని క్రొత్తవారు భ్రమింపవచ్చును గాని ఆ పట్టణమున పుట్టినవారికి భ్రమ లేదు. అది తిరుగుడువంతెన.

శీలవతికి తూర్పుగట్టున నావలవారును ఉప్పుకొటారులవారును తెరచాపలు కుట్టువారును కాపురముందురు. పడమటిగట్టున కచ్చేరీలును అంగళ్లును ధాన్యపుకొట్లును ఉన్నవి. ఏటికడ్డముగా కదలని వంతెన కట్టినచో ఆకాశమునంటు తెరచాపకొయ్యలెత్తుకొని వచ్చు నావలు ఎగువకు పోజాలవు. కట్టకున్నచో బండ్లు దాటజాలవు. కావున పూర్వకాలమున నెవ్వడో యొక దొర నడియేట గుండ్రని రాతిదిమ్మె కట్టించి దానినెత్తిన ఇనుపవారధిని తిరుగటిపైరాయివలె నిలిపించెను. పోటు నిండినవేళ వంతెనసరంగు శంఖము పూరించును. ఆ నాదము విన్నంతనే అతని క్రిందిపనివారైన కళాసులు వంతెననడుమనున్న పెద్ద కొయ్యబొంగరమునకు అడ్డకర్రలు దూర్చి రొమ్ములానించి పాడుచు దానిచుట్టు తిరుగుదురు. అంతట నా మహాకాయము నిద్దురలో నొత్తిగిలు మదగజమువలె మూలిగి తన రెండుతలలను రెండుగట్లనుండి విడిపించుకొని మెల్లగా ఏటివాలునకు మరలి నిలుచును. దాని కిరువైపుల నావలు తెరచాపలెత్తి సాగిపోవును.

వంతెన మరలువేళ దానిపై చిక్కినవారు దిగుటకు వీలులేదు. నావలు సాగి శంఖము మరల మ్రోగి ఇనుపతలలు గట్లనంటువరకు వారు తూర్పువారును గారు పడమటివారును గారు. ఆ తావునకు ఆ పట్టణమువారు నడిగట్టని పేరుపెట్టిరి. పేరుతోబాటు ఒక యాచారమును పుట్టెను. హంసలరేవువారికి కోపము వచ్చినచో గట్టుపేర ఒట్టుపెట్టుకొనుట అలవాటు. "నీ గట్టు తొక్కితే నన్ను ఏరు మింగాల" యని యొక్కమాట యనిరేని ఇక వారు ఆ గట్టు తొక్కరు. ఏటిపై బెట్టిన యొట్టు తప్పినవానిని ఏ నావలోనికిని ఎక్కనీయరు. వాని చేతికి చుక్కానినిగాని శంఖమునుగాని ఈయరు. కాని నడిగట్టుమీద ఏ గట్టుయొట్టును చెల్లదు. అచ్చట పగవాడు తమలపాకందించిన పుచ్చుకొనవచ్చును. పలుకరించిన బదులు పలుకవచ్చును. గోడతగవుతో ఏండ్లతరబడి మొగములు చూచుకొనని అన్నదమ్ములు అచ్చట ఒకరి చుట్టకొకరు నిప్పందించుకొని నవ్వుకొనిరి. తెగిపోయిన పెండ్లిమాటలు అచ్చట మరల అతుకుకొనెను. ఉప్పుకొటారు గుమాస్తా యొకడు పనియేమియు లేకయే ప్రతిదినమును వంతెనయెక్కి కూర్చుండెడివాడు. ఎందులకని యడిగినచో "ఇక్కడ మా ఆవిడ గొంతు నాకు వినపడుద్దిగానీ ఆవిడకి నేను దొరకను గదండీ" యని నిశ్చింతగా పొడుము పీల్చెడివాడు.

అట్టి వంతెనకు ఆ దినము కడపటి దినము. పెద్దనావలు ఏటిలోనికి వచ్చుట నానాటికి తగ్గిపోయెను. బండ్లవారు నిలువలేక గగ్గోలు పెట్టుచుండిరి. ఆ యుదయమున ఎగువనుండి దిగవలసిన ఉప్పునావ యొక్కటి దాటిపోగానే వంతెన రెండుతలలను ఇనుపమేకులతో గట్టురాళ్లకు బిగించివేయుదురని పురపాలకులు దండోరా వేయించిరి. ఇక నా వంతెన తిరుగదు. ఇక నడిగట్టనునది యుండదు.

ఆ దండోరా విన్ననాటినుండి తూర్పుగట్టున చాపలు కుట్టు మాణిక్యమ్మ చేత దబ్బనము నిలుచుట లేదు.

ఆమె నావకాడు ముత్యాలు కూతురు. వంతెనసరంగు భద్రయ్య భార్య. భద్రయ్య ముత్యాలునకు మేనల్లుడే కావున ఆమె చిన్ననాటినుండి బావాయని పిలుచుచు పెరిగి బావయనియే పిలుచుచు కాపురమునకు పోయెను. పడమటిగట్టున సరంగుల వరుసయిండ్లలో వారి సంసారము ఉడుకన్నములో వెన్నవలె కలిసిపోయెను. అంతలో ఒక యాశ్వయుజమాసమున ఈదురుగాలి విజృంభించిన సాయంకాలమున ముత్యాలు నావ సముద్రమునుండి తరుముకొనివచ్చి వంతెన తీయుడని బూర యూదెను. ఆ సమయమున వంతెనపై ఒక జమీందారుగారింటి పెండ్లియూరేగింపు ఏనుగులతో పల్లకీలతో మేళతాళములతో ఇనుపతలలు దాటి రెండుగట్లమీదికిని క్రిక్కిరిసి గాలికి బెదరి ముందునకును వెనుకకును కదలక నిలిచిపోయియుండెను. భద్రయ్య శంఖము నోటికడ నుంచుకొనియు ఊదలేదు. నావ గాలికాగక వచ్చి రాతిదిమ్మెను గ్రుద్దుకొని రెండుచెక్కలయ్యెను. ముత్యాలును అతని మనుష్యులును ఈదికొని గట్టెక్కిరి. ప్రాణములు దక్కెను గాని నావ దక్కలేదు.

దీపములు పెట్టువేళ కంచములో అన్నము వడ్డించుచు మాణిక్యమ్మ ఒక్కటే ప్రశ్న యడిగెను.

"బావా, మా నాయన పడవ నీకు కనపడిందా?"

భద్రయ్య స్వభావముచేతనే మితభాషి. తలవంచుకొని అన్నము కలుపుచునే యుండెను గాని ముద్ద నోటికెత్తలేదు. బదులు రాకపోగా ఆమె చేతిగరిటెను గిన్నెలో విసరివేసెను.

"ఏనుగులు కనపడ్డ కంటికి మా నాయన కనపళ్ళేదన్నమాట!"

"మీ గట్టోళ్ళ నోళ్ళే అంత" యని యతడు విసిగెను.

"ఎంతో నువ్వే చెప్పు! నువ్వు మా గట్టుకొచ్చి నా ప్రశ్నకి బదులు చెప్పేదాకా మళ్ళీ నీ గట్టు తొక్కితే నన్ను ఏరు మింగాల!"

"మీ గట్టు తొక్కితే నన్నూ మింగాల!"

మాణిక్యమ్మ ఆ రాత్రియే తూర్పుగట్టున పుట్టింటికి వెడలిపోయెను. ఇట్లు ఆమె యొట్టు ఆతని రాకకై వేచియుండ ఆతని యొట్టు ఆ రాకకే అడ్డుపడి రెండును కొమ్ములు చిక్కుపడిన పొట్టేళ్లవలె ఆనాటినుండి కదలక నిలిచెను. చిత్రమేమనగా నావ పోగొట్టుకొన్న ముత్యాలు నెలతిరుగకయే ఆ సంగతి మరచి అనుదినమును వంతెనయెక్కి అల్లుని ప్రక్కన కూర్చుండి ఆకువక్క నములుచుండెను. పట్టుపట్టినది మాణిక్యమ్మయొక్కతెయే. వంతెన నడుమన భద్రయ్య ప్రతిదినమును తూర్పుమొగమై నిలుచుండును. ఆమె వంతెనపై కాలిడినచో చాలును. ఒట్టు చెడదు. ఏరు కోపింపదు. ఐనను తానే ముందుగా దిగివచ్చినట్లగునను అభిమానము ఆమె కాలికి బంధమయ్యెను. ఆమె యింటి అరుగుమీద చాపగుడ్డ పరచుకొని దబ్బనముతో కుట్టుపై కుట్టు వేయుచు పోటువేళకై చెవియొగ్గి కూర్చుండెడిది. భద్రయ్య పూరించు శంఖనాదమునకు తుదిని ఒక చిన్నవిరుపు కలదు. దీర్ఘమైన శ్వాస ముగియబోవుచు ఒక్క క్షణమాగి మరల సన్నగా లేచి తెగును. ఊరివారెవ్వరును దానిని గమనింపరు. ఆ విరుపు చెవినిబడినంత మాణిక్యమ్మ తెలియకయే దబ్బనమును నిలిపెడిది. అది తెగినపిమ్మట దారమును లాగెడిది. ఆమె కుట్టిన చాపలన్నిటియందును దినమునకొక్క కుట్టు ఇట్లు కొంచెము వదులైయుండునని ఆమెకుదప్ప నెవ్వరికి తెలియును?

ఆ కడపటి యుదయమున ముత్యాలు తలగుడ్డ చుట్టుకొనుచు అరుగుదిగి నిలిచెను.

"అమ్మాయ్, నేనెల్తన్నా. ఊరంతా అక్కడే ఉంది. పూలదండలు, బాజాలు... మీ ఆయనకి శాలువా కప్పుతారంట."

"ఎల్లిరా నాయనా. నాకు ఈ చాప ముగించాల."

"చాప రేపైనా కుట్టుకోవచ్చు. వంతెన రేపు తిరగదు."

"తిరక్కపోతే నాకేం? దాని మీద నేనేమన్నా ఊరేగాల్నా?"

ముత్యాలు చేతికర్రను ఈచేతినుండి ఆచేతికి మార్చుకొనెను. "పడవ నాది. ముంచుకుంది నేను. ఆడితో కూచుని నేను ఆకేసుకుంటన్నా. మద్దెలో నీకెందుకమ్మా ఇంత మంట?"

"నీదేముంది నాయనా, నీది పడవ. పోతే ఇంకోటి కట్టుకున్నావు" అని యామె వెంటనే నాలుక కరచుకొని తలవంచి దారము మైనమునకు రుద్దసాగెను.

"సరే. ఆడికేమన్నా చెప్పమంటావా?"

"రానని చెప్పు. ఇవాళే కాదు, ఎప్పటికీ రానని చెప్పు."

"అట్టాగే. అన్నది అన్నట్టు చెప్తా. మాటలకి చక్కెర పూయడం నాకు చాతగాదు" అని వృద్ధుడు మంచులోనికి నడచెను. కొంతదూరమువరకు కర్రచప్పుడు వినవచ్చెను. పిదప అదియు మంచులో గలిసిపోయెను.

మాణిక్యమ్మ చాప నొడిలోనికి లాగికొనెను. తడిసి బరువెక్కిన మంచుగాలిపై వంతెనకడనుండి సన్నాయిపాట యొకటి తెరలుతెరలుగా తేలివచ్చుచుండెను. ఆ పాట వినుచు వినుచు ఆమె రేపటి ప్రొద్దును తలంచుకొనెను. రేపును పోటు వచ్చును. ఏరు నిండును. ఆమె దబ్బనము పట్టుకొని ఈ యరుగుమీదనే కూర్చుండియుండును. కాని శంఖము మ్రోగదు. ఎల్లుండియు మ్రోగదు. ఆతడు ఆవలిగట్టున ఏదో యొక గిడ్డంగికి కావలియుండును. ఈమె ఈవలిగట్టున నుండును. నడుమ ఎన్నటికిని తిరుగని యినుపవంతెనపై బండ్లు పోవుచుండును. ఊరివారందరును పోవుచుండును. తామిద్దరుదప్ప. ఇన్నియేండ్లును తాను కాలిడనొల్లని ఆ నడిగట్టు తనకోసమే అచ్చట నున్నదని ఆమె లోలోపల నమ్మియుండెను. వాకిట చెట్టున్నదిగదా నీడకేమి తొందరయని కూర్చున్నవాడు గొడ్డలిచప్పుడు విన్నట్లు ఆమె యులికిపడెను. దబ్బనము వ్రేలిని గ్రుచ్చెను. రక్తబిందువొకటి తెల్లనిచాపపై బడి కుంకుమబొట్టువలె వ్యాపించెను.

"నా అభిమానం ఏట్లో మునిగిపోను!" అని ఆమె పైకే యనుకొని లేచెను. తలుపు వేయుటయు మరచెను. పైటకొంగు తలపైకి లాగికొని రేవుదారిని పరుగువంటి నడకతో పోయెను.

వంతెనమొదట ఇసుకవేసినను రాలనంత జనము గుమిగూడియుండెను. గట్టురాతికిని ఇనుపతలకును నడుమ నొకసన్నని సందు కలదు. ఆ సందులో క్రింద ఏటినీరు ఆకుపచ్చగా కదలుచుండెను. మాణిక్యమ్మ దానికడ ఒక్కక్షణము నిలిచెను. ఎన్నియో యేండ్లు ఆమె దాటనిది ఆ సందే. చేతియంత వెడల్పైన లేని ఆ నీరు ఆమెకు సముద్రమువలె తోచెను. వెనుకనున్న పూలమ్మి యొకతె "ఎక్కితే ఎక్కమ్మా, లేకపోతే తప్పుకో. బుట్ట బరువుగా ఉంది" అని మోచేతితో పొడిచెను. ఆ పోటుతోనే ఆమె పాదము ఇనుముపై బడెను.

జనులను త్రోసికొనుచు ఆమె నడుమనున్న కొయ్యబొంగరమువైపు పోవుచుండెను. మంచులో మనుష్యులు ఎదుటికి వచ్చినప్పుడు మాత్రము మొగములై పిదప నీడలై పోవుచుండిరి. భద్రయ్య నిలుచు తావు ఇంకను కనబడలేదు. ఏమని పలుకరించవలెనో ఆమె తలంచుకొనలేదు. బావాయని పిలిచిన చాలును. ఆ యొక్కమాట నాలుకకొసను పట్టుకొని ఆమె నడచుచుండగనే శంఖము మ్రోగెను.

ఆమె స్తంభించెను.

అది బెరుకుగా లేచి గరగరలాడి మొద్దుగా తెగినది. తుదిని విరుపు లేదు. అది భద్రయ్య శ్వాస గాదు.

ఆలోచించుకొనుటకు వ్యవధి లేకపోయెను. పాదములక్రింద ఇనుము గుండెవలె నొక్కసారి యదరెను. కళాసులపాట లేచెను. గట్టులు కదలినవో వంతెనయే కదలెనో తెలియనట్లు తూర్పుతీరమందలి రేవుమెట్లును పడవలకొయ్యలును ప్రక్కకు జారి జారి మంచులో మునిగెను. పడమటితీరపు మేడలును అట్లే జారి మునిగెను. ఆకాశము లేదు. భూమి లేదు. క్రింద నీరున్నదను గురుతుగా సన్నని గలగల మాత్రము వినవచ్చుచుండెను. ఊరంతయు కరగిపోయి ఆ కొద్దిమందియు నిలిచిన ఆ కొద్దిపాటి యినుము మాత్రమే లోకమున మిగిలినట్లుండెను. పాట నిలిచెను. వంతెనయు నిలిచెను. ఎవ్వరును గట్టిగా మాటలాడలేదు. నడిగట్టు కడపటిసారి నడిగట్టయ్యెను.

మాణిక్యమ్మ కొయ్యబొంగరముకడకు చేరుకొనెను. అచ్చట శంఖము చేతబట్టుకొని రెండవసరంగు పీరుసాహెబు తప్పుచేసినవానివలె నిలిచియుండెను. అతనిప్రక్కన రాతిపీటమీద ముత్యాలు ఆకునకు సున్నము రాయుచు తలయెత్తి కూతురిని చూచెను. చేతిలోని యాకు జారి క్రిందబడెను. పిమ్మట ఆ వృద్ధుడు నవ్వ మొదలుపెట్టి దగ్గువచ్చువరకు నవ్వెను.

"ఓసి నీ దుంపతెగ! రానన్నావు గదే!"

"అన్నా. వచ్చా. మా బావేడి నాయనా?"

"ఏడా? నీ ఇంటికెల్లాడు!"

ఆమె గిరుక్కున తూర్పువైపు మంచులోనికి తిరిగి చూచెను.

"నువ్వన్నది అన్నట్టే చెప్పా. ఎప్పటికీ రానందిరా అని చెప్పా. ఆడు కాసేపు ఏటికేసి చూశాడు. శంఖం ఈయన చేతిలో పెట్టాడు. 'మావయ్యా, అది రాకపోతే నేనే ఎల్తా' అన్నాడు. జనంలోంచి పోతే ఆలస్యమవుద్దని ఈ నిచ్చెన దిగి దోనేసుకుని పోయాడు. నేనేం చేసేదే? నువ్వొస్తావని నాకేమన్నా కలొచ్చిందా?"

పీరుసాహెబు శంఖమును రెండుచేతులతో చూపుచు "నేనొద్దన్నానమ్మా" అనెను. "ఆఖరి శంఖం సరంగుగారే ఊదాల అన్నాను. గట్టు తొక్కితే మళ్ళా దీన్ని ముట్టనియ్యరయ్యా, ఇయ్యాళొక్కరోజు ఆగయ్యా అన్నాను. వినలా."

మాణిక్యమ్మ కొయ్యబొంగరమును చేతితో పట్టుకొని నిలద్రొక్కుకొనెను. ఇన్నియేండ్లును ఆతడు కావలియున్న శంఖము. ఊరంతయు వచ్చి చూచు కడపటినాదము. పూలదండయు శాలువయు. వానినన్నిటిని ఒక్కక్షణములో ఒకరి చేత బెట్టి ఆతడు పోయినది ఆమె తలుపు వేయుటయు మరచి వచ్చిన ఆ వట్టియింటికి.

అంతలో తూర్పుదిక్కు మంచునుండి ఒక కేక వినవచ్చెను.

"మావయ్యా! ఇంటికాడ లేదు మావయ్యా! తలుపు తీసుంది. చాప మీద నెత్తురుంది. మాణిక్యం లేదు!"

ఆ గొంతులోని భయము విని వంతెనమీది జనము మొదట ఉలికిపడి పిదప గొల్లుమనెను. ముత్యాలు లేచి రెండుచేతులును నోటికడ దోసిలిపట్టి "ఇక్కడ చచ్చిందిరా! నడిగట్టు మీద! నీకోసమే వచ్చి చచ్చింది!" యని యరచెను.

ఆవలినుండి బదులు లేదు. ఆ మౌనమును మాణిక్యమ్మ యెరుగును. తలవంచుకొని అన్నము కలుపుచున్న మౌనమది. నవ్వి యూరకున్నచో ఆ యుదయము అచ్చటితో సుఖముగా ముగిసిపోవును. ఆతడు గట్టు తొక్కెను. ఆమె వంతెన యెక్కెను. కాని ఆమె కుట్టుపనిచేయునది. లోపలిదారము ముడిపడక పైకుట్టు వేసిన చాప మొదటి గాలికే విచ్చునని ఎరిగినది. కమ్మీని పట్టుకొని ముందునకు వంగి మంచునకెదురుగా గొంతెత్తి ఆ పాతప్రశ్ననే యడిగెను.

"బావా! ఆ రోజు మా నాయన పడవ నీకు కనపడిందా?"

వంతెనమీద నవ్వు నిలిచిపోయెను. సన్నాయివాడు సన్నాయిని దింపెను. అందరును తూర్పువైపు చెవులొగ్గిరి. ఆ క్షణముననే ఎగువనుండి ఉప్పునావ దిగివచ్చెను. మొదట దాని కొయ్యకొన మంచుపై నల్లనిగీతవలె కనబడెను. పిమ్మట తెల్లనిచాప వచ్చెను. ఆలుమగల నడుమనున్న కాలువలో అది నిండుగర్భిణివలె మెల్లగా దూరి ఆమె కన్నులకును ఆవలిగట్టునకును నడుమ తెరవలె నిలిచెను. మాణిక్యమ్మ చేయిచాచినచో అందునంత చేరువగా ఆ చాప జారిపోవుచుండెను. దాని యంచున ఒకచోట ఒక కుట్టు వదులైయుండుట ఆమె చూచెను. అది తన చేతికుట్టే.

నావలోని చుక్కానివాడు ఆ నిశ్శబ్దమును చూచి బెదరి "ఏందబ్బా, ఎవరన్నా పోయారా?" యని యడిగెను.

"ఎవరూ పోలేదులేరా. మా అల్లుడు బదులు చెప్పబోతంటే మద్దెలో నువ్వు దూరావు. తొందరగా కదులు!" అని ముత్యాలు కర్రనాడించెను.

"మొగుడూ పెళ్ళాల మద్దెకొచ్చానా? నాకొద్దు ఈ పాపం" అని చుక్కానివాడు లెంపలువేసికొని నావను త్రిప్పెను. చాప జారిపోయెను. మంచు దానివెనుక కొంత చిరిగి చిరిగినమేర రేవుమెట్టును దానిపై మోకాళ్లవరకు తడిసి నిలిచిన యొక మనుష్యుడును కనబడిరి.

"కనపడింది మాణిక్యం."

ఆ గొంతు పెద్దది గాదు. నీరు దానిని మోసికొనివచ్చెను.

"బూర వినపడింది. మావయ్య చెయ్యెత్తడం కనపడింది. శంఖం నోటికాడే ఉంది. ఊదితే వంతెన కదిలి పిల్లాజెల్లా ఏట్లో పడతారు. ఊదకపోతే పడవ పోద్ది. నేను ఊదలా. అది రోజూ కనపడతానే ఉంది. ఆ పూట నువ్వడిగితే... నోరు తెరిస్తే ఏడుస్తానేమోనని తెరవలా."

ముత్యాలు తలగుడ్డకొసతో ముక్కు తుడుచుకొనెను. పూలమ్మి బుట్టను దింపి దానిపైననే కూర్చుండెను. మాణిక్యమ్మ కన్నులనుండి నీరు ధారగా కారుచుండెను గాని ఆమె దానిని తుడుచుకొనలేదు. గిరుక్కున మరలి కళాసులవైపు నడచి "ఏం చూస్తన్నారయ్యా? పడవ ఎల్లిపోయింది గదా. తిప్పండి!" అనెను.

"శంఖం ఊదాలి గదమ్మా ముందు" అని వారిలో నొకడు నసిగెను.

"సాయిబుగారూ, ఊదండి. గరగరలాడినా పర్లేదు."

పీరుసాహెబు శంఖము పూరించెను. మాణిక్యమ్మ పైటకొంగు నడుమునకు చుట్టి అడ్డకర్రలలో నొకదానికి తానును రొమ్మానించెను. ఆడుది బొంగరము త్రిప్పుట ఆ వంతెన పుట్టినది మొదలు ఎవ్వరును చూచియుండలేదు. తప్పుకొనుమని కళాసులు మొగమోటముతో చెప్పగా "మా ఆయన్ని తడికాళ్ళతో ఆ చలిలో నిలబెట్టి మీరు పెళ్ళినడక నడుస్తారు. నాకు కుదరదు. నెట్టండి!" యని కసరెను. వారు నవ్వుచు నెట్టిరి. కరగిపోయిన ఊరు మంచులోనుండి మరల కొంచెముకొంచెముగా పుట్టుకొనివచ్చెను. కొయ్యలు వచ్చెను. కొబ్బరితలలు వచ్చెను. రేవుమెట్లు వచ్చెను. ఇనుపతల గట్టురాతినంటి ఠంగున మ్రోగెను.

భద్రయ్య ఆ సందునకావల నిలిచియుండెను. ఇన్నియేండ్లును ఆ గట్టు తొక్కనివాడు గట్టుమీదను ఇన్నియేండ్లును నడిగట్టెక్కనిది నడిగట్టుమీదను నిలిచి ఒకరినొకరు చూచుకొనిరి. పురపాలకుల తరఫున వచ్చిన పెద్దమనుష్యుడు పూలదండతో ముందునకు వచ్చెను. పీరుసాహెబు శంఖమును తన భుజముమీది తుండుతో తుడిచి భద్రయ్యకు చాచెను. భద్రయ్య రెండుచేతులును వెనుకకు కట్టుకొనెను.

"వద్దు సాయిబూ. ఏటి మీద ఒట్టు తప్పా. నేను ముట్టకూడదు. నీదే అది."

జనులలో గుసగుస లేచెను. ఎవ్వరును కాదనలేదు. ఆచారము ఆచారమే. దండ పట్టుకొన్న పెద్దమనుష్యుడు దానినెవ్వరి మెడలో వేయవలెనో తెలియక ఇటునటు చూచి తుదకు పీరుసాహెబు మెడలో వేసెను. అతడు సిగ్గుతో తలవంచెను.

మాణిక్యమ్మ సందుదాటి గట్టుమీద భర్తప్రక్కకు వచ్చి నిలిచెను. "నీ శంఖం పోయింది గదా బావా" అని మెల్లగా ననెను.

"పోనీ. ఆ చివర విరుపు వినేది నువ్వొక్కదానివేగా."

ఆమె యదరిపడి యతని మొగము చూచెను. "నీకెట్టా తెలుసు?"

"మావయ్య చెప్పాడు. శంఖం మోగినప్పుడు దబ్బనం ఆపుద్దిరా అని. అందుకే ఇరుస్తన్నా."

మాణిక్యమ్మ తండ్రివైపు కన్నులెర్రజేసెను. మాటలకు చక్కెర పూయుట చేతగాదన్న ఆ వృద్ధుడు వంతెనకమ్మీల నెన్నడును చూడనివానివలె పరీక్షించుచుండెను.

ఆమె యొట్టు అచ్చట తీరిపోయెను. ఆతడు గట్టునకు వచ్చెను. బదులు చెప్పెను. ఆమె ముందునడువ ఆతడు వెనుకనడువ ఇద్దరును వంతెనపై పడమటిగట్టునకు సాగిరి. నడుమనున్న కొయ్యబొంగరముకడ ఆమె ఒక్కసారి నిలిచి దానిపై అరచేయి ఆనించి మరల నడచెను. వెనుకనుండి సమ్మెటదెబ్బలు వినవచ్చెను. తూర్పుతలకు మేకులు దిగుచుండెను.

ఆ దినమునుండి ఆ వంతెన తిరుగలేదు. ఐనను హంసలరేవున నేటికిని ఆలుమగలు కోపించుకొన్నచో మార్గశిరపు మంచువేళ వంతెననడుమకు పోయి నిలుచుట కలదు. వంతెన కొంచెము కదలినట్లు తోచినదని వారు ఇంటికివచ్చి చెప్పుదురు. ఇనుముతో కట్టినదానిని ఇనుముతో బిగింపవచ్చును. కాని మనుష్యుడు తన గట్టును విడిచి ఎదుటివారి గట్టువైపు పెట్టిన అడుగు ఎచ్చట బడిన అచ్చటనే నడిగట్టు. దానికి మేకు లేదు. ఆ యుదయమున భద్రయ్య తడికాళ్ల జాడలు తూర్పునుండి పడమటికి వాని ముందు మాణిక్యమ్మ చిన్నపాదములు నడచిన తావును వెంబడించుచు సాగిపోయి మంచు విడి యెండ కాయువరకు ఆ చల్లని యినుముపై ఆరక నిలిచియుండెను.